ఓడిన ఇంటి హారతి

మద్దులపల్లి, బాగేపల్లి తాలూకా
ఫిబ్రవరి 9

గువ్వా,

నా కిశోర్ పోయి నలభై ఒక్క రోజులు. నువ్వు ఊరు వదిలి చింతామణి పోయి నలభై రోజులు. వాడి దినం కూడా చూడకుండా కూతురింటికి పోయావు. ఎందుకో నాకు తెలియదు.

ఫోను చేయొచ్చు కదా అంటావు. నీ గొంతు వింటే నాకు ఏడుపు తప్ప మాట రాదు. పైగా మన రెండిళ్లలోనూ ఫోను పక్కన ఎవరో ఒకరు చెవి పెట్టుకునే ఉంటారు. ఉత్తరమైతే ఆ భయం లేదు. మన పిల్లలంతా కన్నడ బడిలో చదివినవాళ్లు. ఇంట్లో మాట్లాడేది తెలుగే, కానీ తెలుగు రాత చూస్తే చీమలు పాకినట్టుందంటారు. నువ్వూ నేనూ పెళ్లికి ముందు చిలమత్తూరు బడిలో నాలుగో తరగతి దాకా నేర్చుకున్న ఈ అక్షరాలు ఈ ఊళ్లో మనిద్దరికే తెలుసు. నాకు ఒత్తులు సరిగా పడవు. సర్దుకుని చదువుకో.

మధ్యాహ్నం పూట పట్టుపురుగుల గదిలో కూర్చుంటాను. పురుగులు ఆకు తింటుంటే బయట సన్నగా వాన పడుతున్నట్టే ఉంటుంది. ఆ చప్పుడుకు కళ్లు మూతలు పడతాయి. రోజూ ఒకటే కల. ట్రాక్టరు వస్తుంది, చప్పుడు ఉండదు. పైన నీ కొడుకు దేవరాజు బంతిపూల దండలతో నిలబడి ఉంటాడు. నేను గడపలో హారతి పళ్లెం పట్టుకుని ఉంటాను. కర్పూరం ఎంతకీ ఆరదు. వెనక నుంచి కిశోర్ "ఇంకా పైకెత్తుమా" అంటాడు. తిరిగి చూసేలోగా మెలకువ వస్తుంది. ఏది కలో ఏది కాదో తేలక కాసేపు అట్లే కూర్చుంటాను.

ఆ రోజు జరిగింది నీకు తెలియనిది కాదు. అయినా రాస్తాను. బాగేపల్లిలో పంచాయితి ఓట్లు లెక్క పెట్టారు. నా కొడుకు నీ కొడుకు చేతిలో ఏడు ఓట్లతో ఓడాడు. మూడున్నరకు నాకు ఫోను చేసి నవ్వాడు. "అమ్మా, ఏడు ఓట్లు తగ్గినాయి. దేవరాజు మెరవణిగె ఊరేగుతా మన వీధికి వస్తాది. నువ్వు మొగం ముడుచుకోవద్దు. గడప ముందు ఆగితే హారతి ఎత్తు, మనవాడే కదా" అన్నాడు. మావాళ్లు తలుపులు మూసుకుని లోపల కూర్చున్నారు. నేను మాత్రం పళ్లెం తీసుకుని బయటికి వచ్చాను. దేవరాజు ట్రాక్టరు దిగి, హారతి కళ్లకద్దుకుని, నా కాళ్లకు దండం పెట్టాడు. తప్పెట్లు ఇంకా మోగుతూనే ఉన్నాయి. అంతలో ఆంబులెన్సు వచ్చింది.

హోటల్లో కాఫీ తాగుతూ కూలిపోయాడట నా బిడ్డ. గుండె ఆగిందన్నారు. అది ఎవరి తప్పూ కాదు.

కానీ వాడితో ఉన్న మంజునాథ ఊరంతా ఒకటే మాట చెబుతున్నాడు. "కిశోరు పడిపోయిన గడియలోనే దేవరాజుకు ఫోన్ చేసినాను. పోయినాడప్పా, తప్పెట్లు ఆపండి అని చెప్పినాను. రెండు నిమిషాలు మాట్లాడినాను" అని తన ఫోను తీసి అందరికీ చూపిస్తున్నాడు. ఆ మాటతో ఊరు రెండుగా చీలింది. డెయిరీలో పాలు పోసే చోట రెండు వరసలు పెట్టారు. అటువాళ్లు పోసిన క్యానులో ఇటువాళ్లు పోయరు. సాయిబుల వీధి సగం అటు, సగం ఇటు. కాలనీలో అన్నదమ్ములే విడిపోయారు.

నాకు ఓటూ వద్దు, వరసా వద్దు. ఒక్కటి చెప్పు. నా చేతి హారతి కళ్లకద్దుకున్నప్పుడు, నా కొడుకు లేడని దేవరాజుకు తెలుసా? నువ్వు ట్రాక్టరు పక్కనే ఉన్నావు. వాడి మొహం చూసి ఉంటావు. తెలిసే దండం పెట్టి ఉంటే, నేను ఆ వీధిలో ఇంక బతకలేను.

నీ అక్కయ్య


చింతామణి
ఫిబ్రవరి 27

అక్కయ్యా,

నీ ఉత్తరం వచ్చింది. ఆశా అడిగింది, "ఎవరుమా, ఈ కాలంలో జాబు రాసేది?" అని. చిన్ననాటి స్నేహితురాలు అని చెప్పాను. అబద్ధం కాదు కదా.

ఇక్కడ ఆశా ఇల్లు మార్కెట్టు వెనకే. తెల్లారకముందే టమాటా లారీల చప్పుడు మొదలవుతుంది. మదనపల్లె బస్సులు, బెంగళూరు బస్సులు గుంపులుగా వస్తాయి. నాకు ఊరు గుర్తుకు రాకుండా ఈ గోల సరిపోతుంది. మోకాళ్లు నొప్పి. మేడ మెట్లు దిగడం మానేశాను. నీ పురుగులు కుబుసం విడిచే మూడో నిద్రకు వచ్చాయా? ఈసారి ఆకు లేతగా వేయి, ఎండ ముందే మొదలైంది.

కిశోర్ గురించి రాయడానికి నాకు చేయి ఆడదు. వాడు నన్ను చిన్నమ్మా అని పిలిచేవాడు. చింతామణి పోతే వాడికి వేరుశనగ మిఠాయి తెచ్చేదాన్ని. మార్కెట్టులో ఆ బండి ఇప్పటికీ ఉంది. అటు వైపు పోను.

దేవరాజును తిట్టుకో. నీకు ఆ హక్కు ఉంది. శపించొద్దు మాత్రం.

యశోద


చిక్కబళ్లాపురం
మే 4

యశోదా,

కూతురింట్లో పది రోజులు ఉండమని సహన నన్ను తీసుకొచ్చింది. ఇక్కడ పొద్దున్నే నంది కొండ మబ్బులో సగమే కనిపిస్తుంది. సగం కొండను చూస్తూ నేను కాఫీ తాగుతాను. సహన మాట్లాడుతుంది, నేను తల ఊపుతాను. మాటలు నీళ్ల కింద నుంచి వస్తున్నట్టు ఉంటాయి.

నేను అడిగిందేమి, నువ్వు రాసిందేమి? నా కొడుకు చావుకు టమాటా లారీలు జవాబా? మోకాళ్లు జవాబా? రెండు నెలలు నీ మీద కోపంతో రాయలేదు. ఇప్పుడు ఒకటి జరిగింది, అందుకే రాస్తున్నాను.

పోయిన నెల దేవరాజు మా ఇంటికి వచ్చాడు. ఇప్పుడు పంచాయితి సదస్యుడు కదా, కిశోర్ మరణ ప్రమాణపత్రం పంచాయితి నుంచి తానే తెచ్చాడు. గడప దాటలేదు. మంజునాథ ఎదురింటి అరుగు మీద నుంచి అరిచాడు.

"ఏమప్పా సదస్యా, సంపిన చేత్తోనే కాగితం తెస్తాండావా?"

దేవరాజు తల తిప్పలేదు. కాగితం నాకిచ్చాడు. నేను కొంగు బిగించుకుని అడిగాను.

"ఒరేయ్ దేవరాజూ, ఆ రోజు నీకు తెలుసునా?"

"నన్ను అడగొద్దు పెద్దమ్మా."

"నిన్ను అడగకుండా ఎవర్ని అడిగేది?"

"తిట్టు పెద్దమ్మా. ఎంత కావాలంటే అంత తిట్టు. అది మాత్రం అడగొద్దు."

పోయాడు. తెలుసు అనలేదు. తెలియదనీ అనలేదు. తప్పు చేసినవాడు తెలియదని అబద్ధమైనా చెబుతాడు కదా? వాడు బక్కచిక్కిపోయాడు గువ్వా. కోపంగా ఉండాలని కూర్చున్నాను, మళ్లీ గువ్వా అనే రాశాను చూడు.

నీకు తెలిసింది చెప్పు. చెప్పకపోతే ఇదే నా ఆఖరి జాబు.

అక్కయ్య


చింతామణి
మే 19

అక్కయ్యా,

దేవరాజుకు తెలియదు. నాకు తెలుసు.

ఇది రాసి రెండు రోజులు మిగతా కాగితం ఖాళీగా ఉంచాను. ఈ రోజు ఆశా పిల్లల్ని తీసుకుని పెళ్లికి పోయింది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది, రాస్తాను.

ఆ రోజు ఊరి మొదట్లో ట్రాక్టరుకు ఎదురు పోయాను. వాళ్లు రంగులు చల్లుకుంటుంటే "అమ్మా, ఫోను తడుస్తాది, నువ్వు పెట్టుకో" అని దేవరాజు నా చేతికిచ్చాడు. మీ వీధి మలుపు దగ్గర అది మోగింది. ఎత్తాను. తప్పెట్ల గోలలో మంజునాథ ఏడుస్తూ చెప్పాడు. అంతా విన్నాను. ఊ అన్నాను, అంతే. వాడు దేవరాజే అనుకున్నాడు.

ఫోను నడుముకు చెక్కుకున్నాను. నా కొడుకు పోయినసారి ఓడి, ఆరు నెలలు బయటికి రాలేదు. గడ్డం పెంచుకుని గోడకేసి పడుకునేవాడు. ఆ రోజు ట్రాక్టరు మీద నిలబడి నవ్వుతున్నాడు. ఒక్క వీధి. ఈ ఒక్క వీధి దాటనీ, తర్వాత చెబుతాను అనుకున్నాను. మీ తలుపు మూసే ఉంటుందనుకున్నాను. నువ్వు పళ్లెం పట్టుకుని వస్తావని నాకేం తెలుసు? నీ చేతిలో కర్పూరం మండుతుంటే నేను పక్కనే ఉన్నాను. నోరు తెరిచాను. గాలి వచ్చింది, మాట రాలేదు.

సాయంత్రం దేవరాజు ఫోను చూసుకుని అడిగాడు. చెప్పాను. నా బట్టలు తీసి సంచిలో సర్దాడు. తర్వాత "నువ్వు ఆశా ఇంటికి పోమ్మా. ఈ మాట ఎవరితోనూ అనొద్దు" అన్నాడు. అప్పటినుంచి నా పాపం వాడు మోస్తున్నాడు.

ఇంక నీ ఇష్టం అక్కయ్యా.

యశోద


మద్దులపల్లి
జూన్ 2

నీ ఉత్తరం అందింది. చదివాను. చింపలేదు, కాల్చలేదు. బియ్యం డబ్బాలో పెట్టాను.

ఇప్పుడు నాకు రాయడానికి ఏమీ లేదు.


చింతామణి
జులై 11

అక్కయ్యా,

నలభై రోజులు నీ జాబు కోసం చూశాను. పోస్టుమాను ఆనంద్‌కుమార్ సైకిలు ఆపకుండా పోతూ "ఏమీ లేదమ్మా" అని చేయి ఊపుతాడు. నేను మేడ మీద నిలబడితే దూరం నుంచే ఊపుతున్నాడు.

వాన రాలేదని, వచ్చే నెల పదిహేనున ఊళ్లో వానదేవుణ్ణి, మళెరాయను తిప్పుతారని దేవరాజు ఫోనులో చెప్పాడు. మంచిదయింది. ఆ రోజు ఊరంతా ఒక చోట చేరుతుంది కదా. నేను వస్తాను. అందరి ముందు నిలబడి, ఫోను ఎత్తింది నేనేనని చెబుతాను. ఉమ్మేస్తే ఉమ్మేస్తారు. నా కొడుకు తల ఎత్తుకుని నడిస్తే చాలు.

నువ్వు వద్దన్నా వస్తాను.

యశోద


మద్దులపల్లి
ఆగస్టు 3

గువ్వా,

నువ్వు రావాల్సిన పని తప్పిపోయింది. జరిగిందంతా రాస్తాను, నిదానంగా చదువు.

నువ్వు పదిహేనో తేదీ అనుకున్నావు. ఇక్కడ పోటీ పడి ముందే మొదలుపెట్టారు. మన పద్ధతి నీకు తెలుసు. మన్నుతో వానదేవుణ్ణి చేసి, పలక మీద పెట్టి, తల మీద మోస్తూ ఇంటింటికీ తిప్పాలి. ప్రతి ఇల్లాలూ బిందెడు నీళ్లు పోసి, ఇంత రాగిపిండి ఇవ్వాలి. ఆ పిండంతా కలిపి ముద్ద వండి, ఊరంతా కూర్చుని తినాలి. ఒక్క ఇల్లు తప్పినా చెల్లదు. ఈ ఏడు ఏం చేశారో విను. మావాళ్లు బోరు దగ్గర ఒక మళెరాయను చేశారు. మీవాళ్లు బడి దగ్గర ఇంకొక మళెరాయను చేశారు. ఒక ఊరికి ఇద్దరు వానదేవుళ్లు! అటువాళ్ల దేవుడు అటు ఇళ్లకే, ఇటువాళ్ల దేవుడు ఇటు ఇళ్లకే. మా ఇల్లు ఏడాది మైలలో ఉంది కాబట్టి ఎవరి దేవుడూ మా ఇంటికి రాడు.

నిన్న పొద్దున ఇద్దరూ మా ఇంటి మూల మీదే ఎదురు పడ్డారు. ఒక దేవుణ్ణి మంజునాథ మోస్తున్నాడు, ఇంకో దేవుణ్ణి దేవరాజు మోస్తున్నాడు. సన్న వీధి కదా, ఒకరు వెనక్కి పోతే గానీ ఇంకొకరు ముందుకు పోలేరు.

"మా దేవుడు ముందు బయల్దేరినాడు. నువ్వు జరుగు" అన్నాడు మంజునాథ.

"ఇది పంచాయితి రోడ్డప్పా" అన్నారు దేవరాజు వెనకవాళ్లు.

మెహరున్నీసా తన గడపలో బిందె పట్టుకుని నిలబడి ఉంది. ఆమె ఇంట్లో మొగుడి ఓటు అటు, కొడుకు ఓటు ఇటు.

"ఏమప్పా, ఇద్దరు దేవుళ్లు వచ్చినారు, నాకుండేది ఒక బిందె. ఎవరికి పోసేది? చీటీ వేసి తేల్చుకోండప్పా!" అంది.

కొందరు నవ్వారు, కొందరు తిట్టుకున్నారు. పెద్దాయన సుబ్బరాయప్ప మధ్యలో నిలబడి రెండు చేతులూ ఊపుతున్నాడు. ఆయన మాట ఎవరూ వినడం లేదు. నేను కిటికీ లోంచి చూస్తున్నాను. ఆకాశం తెల్లగా, ఉతికి ఆరేసిన పంచెలాగా ఉంది. ఎక్కడా ఒక మబ్బు లేదు. ఆ గొడవంతా నాకు చాలా దూరంగా, చెరువు అవతలి గట్టున జరుగుతున్నట్టు అనిపించింది. దేవరాజు మెడ వణుకుతోంది. పచ్చిమట్టి బరువు కదా. అడ్డం వచ్చినవాడు ఏమంటే అది పడుతున్నాడు.

నా కాళ్లు ఎప్పుడు కదిలాయో నాకు తెలియదు. బిందె చంకన పెట్టుకుని బయటికి వచ్చాను.

సుబ్బరాయప్ప "అమ్మా, మైల ఇల్లు... ఏడాది కాలేదు" అని గొణిగాడు.

"తెలుసప్పా. ఒక మాట చెప్పి పోతాను" అన్నాను. "మంజునాథా, నువ్వు ఆ రోజు చేసిన ఫోను దేవరాజుకు అందలేదు."

"అదెట్లమ్మా? రెండు నిమిషాలు మాట్లాడినాను. నా ఫోన్లో ఉండాది, చూడు."

"నువ్వు మాట్లాడినావు. అవతల విన్నది వాడు కాదు."

"మరి యాడున్నాడు వాడు? ఎవరు విన్నారు?"

"విన్న మనిషి ఎవరో నాకు తెలుసు. నన్ను తప్ప ఇంకెవర్నీ అడగొద్దు, నన్ను అడిగినా చెప్పను. నా కొడుకు సచ్చిపోయినాడని తెలిసి దేవరాజు నా హారతి తీసుకోలేదు. ఇంకో మాట. ఆ హారతి ఎత్తమన్నది కిశోరే. పోయే ముందు ఫోను చేసి, మనవాడే కదా, ఎత్తుమా అన్నాడు. ఈ ఏడు నెలలు నేనది మీకు చెప్పలేదు. మీరు నా కోసం కోపం చేస్తాండారు కదా, చెప్తే ఆ కోపం పోతాది, నేను ఒంటిదాన్ని అయిపోతాను అనుకున్నాను. తప్పు నాది కూడా ఉండాది."

దేవరాజు ఏడుస్తున్నాడు. రెండు చేతులూ పలక మీద ఉన్నాయి, కన్నీళ్లు తుడుచుకోవడానికి చేయి లేదు. నేనే కొంగుతో తుడిచాను.

తర్వాత బిందెలో సగం నీళ్లు వాడి దేవుడి మీద, సగం మంజునాథ దేవుడి మీద పోశాను. అప్పుడు చూడాల్సింది నువ్వు! పోటీలో తొందరపడి మట్టి పిసికారు, సరిగా ఆరనే లేదు. నీళ్లు పడగానే దేవరాజు మళెరాయ తల జారి వాడి భుజం మీద పడింది. మంజునాథ మళెరాయ నడుము దగ్గర విరిగి, వాడి మొహమంతా బురదయింది.

"అల్లా! ఇద్దరూ ఓడిపోయినారు!" అంది మెహరున్నీసా. వీధి అంతా ఒక్కసారి నవ్వింది. నేనూ నవ్వాను గువ్వా. నవ్వి, నోటికి చేయి అడ్డం పెట్టుకున్నాను. కొడుకు పోయినదాన్ని ఎట్లా నవ్వానా అని. కాలనీ సుజాతమ్మ నా చేయి పట్టుకుని కిందికి దించింది.

తర్వాత మళ్లీ దేవుణ్ణి చేయాలి. ఎవరి పలక మీద చేయాలని మళ్లీ గొడవ. నేను లోపలికి పోయి పట్టుగూళ్లు కట్టించే వెదురు చంద్రికె తెచ్చి నేల మీద వేశాను. ఇద్దరు దేవుళ్ల మట్టీ అందులోనే కలిపి పిసికారు. మట్టి ఎక్కువై దేవుడు లావుగా, పొట్టతో తయారయ్యాడు. నలుగురు పట్టుకుంటే గానీ లేవలేదు. మైల పిండి కలపొచ్చా అని సుబ్బరాయప్ప ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు. సుజాతమ్మ నేను తెచ్చిన చేటలో రాగిపిండి తన కొంగులో పోసుకుని, అందరి పిండిలో కలిపేసింది. ఆయన చూసి, చూడనట్టు అటు తిరిగాడు.

అన్నీ బాగుపడ్డాయని అనుకోవద్దు. మంజునాథ ముద్ద తినలేదు. నా మొహం చూడకుండా ఇంటికి పోయాడు. వాడిది స్నేహితుడు పోయిన బాధ, దానికి నేను మందు వేయలేను. ఈ పొద్దున డెయిరీలో రెండు వరసలు అట్లానే ఉన్నాయి. కానీ మెహరున్నీసా అటు వరస పొడుగ్గా ఉందని ఇటు వరసలోకి వచ్చి నిలబడింది. ఎవరూ ఏమీ అనలేదు. అయిదేళ్లకు మళ్లీ ఓట్లు వస్తాయి. మళ్లీ వేరువేరుగానే వేస్తాం. వేసుకోనీ. వాన మాత్రం ఇంకా రాలేదు.

నీ పేరు నేను చెప్పలేదు. అది నా మంచితనం అనుకోవద్దు. నీ మీద కోపం నాది ఒక్కదానిది, ఊరికి పంచి ఇవ్వను. నిన్ను క్షమించానా అని అడిగితే నాకే తెలియదు. ఒక రోజు నీ ముఖం చూడకూడదు అనుకుంటాను. ఒక రోజు నువ్వు పక్కన కూర్చుని ఆకు కోస్తే బాగుండును అనుకుంటాను. నీ కొడుకు కోసం నువ్వు ఒక్క వీధి కొనుక్కోవాలనుకున్నావు. నేనైతే ఏం చేసేదాన్నో, నిజంగా తెలియదు. అందరి ముందు చెప్పడానికి రావొద్దు. నాతో చెప్పావు, చాలు. ఊరికే వస్తే రా. వచ్చి ఏమీ మాట్లాడకుండా కూర్చో. నేనూ మాట్లాడను. కొన్నాళ్లు అట్లా గడవనీ.

నిన్న బంతిలో దేవరాజు నా పక్కనే కూర్చున్నాడు. ముద్ద విరిచి, తినకుండా పట్టుకుని, "అమ్మ చింతామణిలో ఒక పూటే తింటాండాదంట పెద్దమ్మా. ఆశా చెప్పింది. మిగతాది పిల్లల తట్టలో పెట్టేస్తాదంట" అన్నాడు. ముందు నువ్వు తినరా అని కసిరాను. కసిరానే గానీ, నేనూ నా ముద్దలో సగం వాడి తట్టలో పెట్టేశాను.

ఉత్తరం పక్కన పెట్టి లే. రెండు పూటలా తిను గువ్వా, కడుపు నిండా తిను.

అక్కయ్య